మైత్రి, కళ, ఆత్మనిష్ఠ

రచయిత ఆత్మవంచన చేసుకోరాదనే మాట మన సాహిత్యసభలలో తరచు వినవస్తుంది. వినటానికి అది వివాదం లేని మాట. కాని ఆ మాట చెప్పేవారు దాని వెనుకనే మరొకటి కూడా చెబుతారు: కళాకారుడు ఒంటరివాడు, లోకం ఏమనుకొన్నా అతనికి పట్టదు, లోపలి గొంతు తప్ప అతడు మరి దేనినీ వినరాదు అని. మైత్రిని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు వారే, మిత్రుడంటే మనకు ఎదురుచెప్పనివాడు, మనం ఎట్లా ఉంటే అట్లాగే ఒప్పుకొనేవాడు అంటారు. ఈ రెండు నిర్వచనాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చిత్రమైన ఫలితం తేలుతుంది. ఆత్మనిష్ఠ కలవాడికి మిత్రునితో పని లేదు. మిత్రునికి మన ఆత్మనిష్ఠతో పని లేదు. ఒకడు వినడు, మరొకడు చెప్పడు. ఇక ఇద్దరి మధ్య మిగిలేది కాఫీ, కుశలప్రశ్న.

మన సాహిత్యచరిత్ర చెప్పే కథ ఇది కాదు. తెలుగులో ఎవరిని మనం నిక్కమైన ఆత్మనిష్ఠ కలవారుగా చెప్పుకొంటామో, వారి జీవితాలలో ఒక గాఢమైన మైత్రి ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉన్నది. ఇది కాకతాళీయం కాదని నా అభిప్రాయం. మనిషి తనను తాను మోసగించుకోవటం సులభం; తనను బాగా ఎరిగిన మరొక మనిషి ఎదుట ఆ మోసం సాగటం కష్టం. ఆత్మనిష్ఠకు పరీక్ష జరిగే చోటు మైత్రి. ఆ పరీక్షకు మిగిలే సాక్ష్యం కళ. ఈ మాటను మనకు తెలిసిన కొన్ని జీవితాల ఆధారంతో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ‘తాను’ అనే మాటను కొంచెం విడదీసి చూడవలసి ఉన్నది. మనిషిలో అలవాట్లు ఉన్నవి, అభిప్రాయాలు ఉన్నవి, వాటికి అడుగున అనుభవం ఉన్నది. అలవాటుకు కట్టుబడి ఉండటం మొండితనం. అభిప్రాయానికి కట్టుబడి ఉండటం నిలకడ. అది మంచిదే గాని అన్నివేళలా మంచిది కాదు. అనుభవానికి కట్టుబడి ఉండటమే ఆత్మనిష్ఠ. కన్నది కన్నట్లు, పడినది పడినట్లు ఒప్పుకోవటం దాని మొదటి లక్షణం. అందువల్ల ఆత్మనిష్ఠ కలవాడు మారడని అనుకోవటం పొరపాటు. అనుభవం పెరిగినప్పుడు అభిప్రాయాన్ని మార్చుకోకపోవటమే ఆత్మవంచన అవుతుంది.

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయినది. పేరు వచ్చిన నాటకం. అక్కడితో ఆగిపోయినా ఆయనను ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని ఆయన దానిని తిరిగి చేతిలోకి తీసుకొని, దాదాపు కొత్త నాటకమన్నంతగా పెంచి, మార్చి, 1909లో రెండవ కూర్పు వెలువరించారు. మధురవాణికి మనం ఎరిగిన నిండుతనం వచ్చినది ఈ కూర్పులోనే. మెప్పు పొందిన రచనను తిరగరాయటానికి ధైర్యం కావాలి. ఆ మెప్పు కన్న తన కన్ను ముఖ్యమనుకొన్నవాడే ఆ పని చేయగలడు. చలంగారి సంగతి కూడా ఇట్టిదే. ‘మైదానం’ రాసిన మనిషి 1950లో అరుణాచలం వెళ్ళి, 1979లో మరణించేదాకా అక్కడే ఉండిపోవటాన్ని కొందరు ఆత్మద్రోహంగా భావించారు. ఆయన తన మిత్రుడు చింతా దీక్షితులుగారికి రాసిన లేఖలను చదివినవారికి అట్లా అనబుద్ధి కాదు. అన్వేషణ ఒక్కటే, దారి మలుపు తిరిగినది. ఆ మలుపు వెనుక ఉన్న మనస్సు మనకు తెలియటానికి ఒక మిత్రుడికి రాసిన ఉత్తరాలు ఆధారం కావటం ఇక్కడ గమనించదగినది.

ఇక మైత్రి మాట. మన పూర్వులు దీనిని తేలికగా తీసుకోలేదు. భర్తృహరి నీతిశతకంలో సన్మిత్రుని లక్షణాలను వరుసగా చెప్పిన శ్లోకం ఒకటి ఉన్నది. చిన్ననాడు కంఠస్థం చేసినవారికి కూడా ఆ వరుస మీదికి దృష్టి పోయి ఉండకపోవచ్చు. మొదటి లక్షణం చెడు పనినుండి ఆపటం. రెండవది మేలైన దానివైపు నడిపించటం. తరువాత రహస్యాన్ని కాపాడటం. గుణాలను నలుగురికీ చాటటం నాలుగవ స్థానంలో వస్తుంది. ఆపదలో విడువకపోవటం, సమయానికి ఆదుకోవటం ఆ పిమ్మటివి. ఆపటం మొదట, పొగడటం నాలుగవది! ఈనాటి మన సాహిత్యజీవితంలో నాలుగవ లక్షణం మొదటిదై కూర్చున్నది. మొదటిది చాలా వరకు కనుమరుగైనది. పుస్తకావిష్కరణ సభలు, ముందుమాటలు, అట్ట మీది ప్రశంసలు, పురస్కారాల సిఫార్సులు వీటిలో ‘మిత్రధర్మం’ అనే మాట ఏ అర్థంలో వాడుకలో ఉన్నదో నేను వివరించనక్కరలేదు.

ఆ శతకాన్నే ఏనుగు లక్ష్మణకవి, ఏలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన తెలుగు చేశారు. మూలం ఒక్కటే, ముగ్గురి పద్యాలూ మూడు తీరులు. ముగ్గురూ మూలానికి లోబడినవారే, ముగ్గురూ తమ గొంతును పోగొట్టుకోనివారే. పరుని మాటను ఆదరంతో మోస్తూ తన మాటను నిలుపుకోవటం సాధ్యమేనని అనువాదకునికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. మైత్రి కూడా ఇట్టి అనువాదమే. మిత్రుని అనుభవాన్ని మన భాషలోకి తెచ్చుకొంటాము. అది మన భాషగానే ఉంటుంది.

ఇప్పుడు మన చరిత్రలోని మూడు మైత్రులను చూద్దాము.

మొదటిది గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తిగార్ల మైత్రి. ఒకరు 1862లో, మరొకరు 1863లో జన్మించారు. విజయనగరంలో సహాధ్యాయులు. చదువు ముగిసిన తరువాత ఇద్దరి దారులూ వేరైనవి. గురజాడవారు విజయనగర సంస్థానం కొలువులో చేరారు. గిడుగువారు 1880లో పర్లాకిమిడి వెళ్ళి ఉపాధ్యాయులైనారు. అక్కడి కొండలలో ఉండే సవరల భాష వారిని ఆకర్షించినది. ఆ భాష నేర్చి, వాచకాలు రాసి, చివరకు 1931లో దాని వ్యాకరణాన్ని ఇంగ్లీషులో వెలువరించారు. ఒకరి ప్రకృతి కవిది, మరొకరిది శాస్త్రజ్ఞునిది. ఒకరిది సూక్ష్మమైన హాస్యం, మరొకరిది విడవని పట్టుదల. వీరిద్దరినీ కలిపినది స్వభావసామ్యం కాదు. ఇద్దరికీ వెలుపల ఉన్న ఒక సత్యం: బడిలో పిల్లవాడు చదివే తెలుగు, అతడి తల్లి మాట్లాడే తెలుగు ఇంత దూరంగా ఉండరాదనేది.

ఈ విషయంలో ఇద్దరూ చేసిన పని ఒక్కటి కాదు. గిడుగువారు వాదించారు, లక్ష్యాలు చూపారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనలలోనే వ్యావహారిక రూపాలు దొర్లుతున్నవని ఉదాహరణలు ఎత్తి చూపారు. తాము విధించిన నియమాన్ని తామే పాటించలేకపోవటం భాషాదోషం కన్న పెద్ద సంగతి. అనుభవం ఒకటి, ప్రకటన ఒకటి కావటమే అది. గిడుగువారి పోరాటంలోని నైతికమైన బిగువు అంతా ఇక్కడ ఉన్నది. గురజాడవారు వాదించటం కన్న చేసి చూపటం ఎక్కువగా నమ్మారు. నాటకం రాశారు, ముత్యాలసరం అనే కొత్త నడకను సృష్టించారు. అయినా అవసరం వచ్చినప్పుడు వెనుకంజ వేయలేదు. మద్రాసు విశ్వవిద్యాలయంవారి సంఘంలో అధికసంఖ్యాకుల అభిప్రాయం తమకు విరుద్ధంగా ఉన్నప్పుడు 1914లో తమ అసమ్మతిపత్రాన్ని సమర్పించారు. ఒంటరిగా సంతకం చేయగల మనిషి ఆయన. కాని ఆ సంతకం వెనుక ఉన్న బలం ఒంటరిది కాదు.

1915 నవంబరు 30న గురజాడవారు కన్నుమూశారు. ఉద్యమం అప్పటికి గెలవలేదు. గిడుగువారు ఆ తరువాత పాతిక సంవత్సరాలు జీవించారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను నడిపారు. ఊరూరా తిరిగి ఉపన్యసించారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, అరవై ఏండ్లకు దగ్గరగా ఉన్న నివాసాన్ని వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. 1940 జనవరి 22న మరణించారు. మిత్రుడు పోయిన తరువాత అతని పనిని పాతికేళ్ళు మోయటం సంతాపసభలో చెప్పే మాటలకు అందేది కాదు. అయితే ఆయన మోసినది మిత్రుని పని అని కూడా అనలేము. అది తన పనే. మైత్రి ఉన్నత స్థితిలో ‘నీ పని’, ‘నా పని’ అనే విభాగం చెరిగిపోతుంది. ‘నీ తీరు’, ‘నా తీరు’ అనే భేదం మాత్రం నిలుస్తుంది. మొదటిది చెరగకపోతే అది పరిచయం. రెండవది కూడా చెరిగిపోతే అది అనుకరణ.

రెండవది ఇంతకంటే చిత్రమైనది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగార్లు చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులు. తిరుపతి వేంకట కవులుగా జంటగా అవధానాలు చేశారు, కావ్యాలు రాశారు. వారి పాండవ నాటకాల పద్యాలు పొలంలో రైతుల నోట, రైలు పెట్టెలలో ప్రయాణికుల నోట కూడా వినిపించినవి. 1920లో తిరుపతిశాస్త్రిగారు మరణించారు. వేంకటశాస్త్రిగారు ఆ తరువాత ముప్పై సంవత్సరాలు ఉన్నారు. మద్రాసు ప్రభుత్వం వారికి ఆస్థానకవి పదవి నిచ్చినది. ఆ ముప్పై ఏండ్లలోనూ తాము రాసినదానిని ఆయన జంటపేరుతోనే ప్రకటిస్తూ వచ్చారు.

దీనిని ఎట్లా అర్థం చేసుకోవాలి? న్యాయవాది దృష్టితో చూస్తే ఇది అసత్యం. లేని మనిషి రాయనిదానికి అతని పేరు ఎందుకు? రచయిత తన రచనకు తానే బాధ్యుడు కావాలనే ఆధునికుని దృష్టిలో ఇది స్వత్వాన్ని వదులుకోవటం. కాని అనుభవం వైపునుండి చూస్తే వేరుగా కనిపిస్తుంది. ఆయన పద్యం నడక, ధార, సమయస్ఫూర్తి ఆ మిత్రుని సాంగత్యంలో తయారైనవి. ఒక చరణం ఒకరు అంటే మరొక చరణం మరొకరు అందుకొన్న ఏండ్లు అవి. తన గొంతులో రెండవ గొంతు కలిసి ఉన్నదని ఆయనకు తెలుసు. ఆ తెలిసినదానిని దాచి, ఇది నా ఒక్కడిదే అని సంతకం చేయటమే ఆయనకు అసత్యంగా తోచి ఉంటుంది. వాస్తవానికి, సత్యానికి ఉన్న భేదం ఇంత స్పష్టంగా కనిపించే సందర్భాలు అరుదు. ఏ పద్యం ఎవరిదని తేల్చబోయిన విమర్శకుల శ్రమ ఎందుకు ఫలించలేదో కూడా దీనివల్ల తెలుస్తుంది. వారు అడిగిన ప్రశ్న ఆ కవులది కాదు.

అట్లాగని జంటకవిత్వమే మైత్రికి ఆదర్శమని నేను చెప్పటం లేదు. వేంకటశాస్త్రిగారి శిష్యులలో పింగళి, కాటూరి కవులు జంటగా ‘సౌందరనందం’ రాశారు. విశ్వనాథ సత్యనారాయణగారు ఒంటరిగా నడిచారు. గురువు ఒకరే, ఎవరి ప్రకృతిని వారు అనుసరించారు. గురువు శిష్యులను తన అచ్చులో పోయలేదని దీని అర్థం. గురుశిష్యబంధంలోని మైత్రికి ఇంతకంటే మంచి కొలమానం లేదు.

మూడవది శ్రీశ్రీ, కొంపెల్ల జనార్దనరావుగార్ల మైత్రి. కొంపెల్లవారు ‘ఉదయిని’ పత్రికను నడిపిన యువరచయిత. 1937లో చిన్నవయస్సులోనే మరణించారు. శ్రీశ్రీగారి ‘మహాప్రస్థానం’ 1950లో గ్రంథరూపం ధరించినప్పుడు ఆ గ్రంథం ఆయనకే అంకితమైనది. నడుమ పదమూడేళ్ళు గడిచినవి. లోకం ఒక మహాయుద్ధాన్ని చూచినది; దేశానికి స్వాతంత్ర్యం వచ్చినది. శ్రీశ్రీ పేరు ఆంధ్రదేశమంతటా మారుమ్రోగినది. అంకితం పుచ్చుకోవటానికి జమీందారులు, ధనికులు, నాయకులు కరవైన కాలం కాదు. అయినా ఆ కవి మరచిపోలేదు. లోకాన్ని మొత్తం పిలిచి మాట్లాడే గ్రంథం, పేరు రాకుండానే పోయిన ఒక మిత్రుని తలపుతో ప్రారంభమవుతుంది. లోకాన్ని ప్రేమిస్తున్నానని చెప్పటం తేలిక. ఒక మనిషిని మరచిపోకుండా ఉండటం కష్టం. రెండవది లేకపోతే మొదటిదానిని నమ్మవలసిన పని లేదు.

ఆ గ్రంథానికే చలంగారు 1940లో రాసిన పీఠిక ఉన్నది. ‘యోగ్యతాపత్రం’ అని దానికి పేరు. పేరులోనే పరిహాసం ఉన్నది. కవికి యోగ్యతాపత్రం ఇచ్చే అధికారం ఎవరికీ లేదని ఎరిగిన మనిషి పెట్టిన పేరు అది. లక్షణాలు ఏకరువు పెట్టి, మార్కులు వేసే పీఠిక కాదు. ఆ కవిత్వం తనను ఏమి చేసినదో ఆయన చెప్పారు. దానిలో చలం చలంగానే ఉన్నారు, శ్రీశ్రీ కోసం తన గొంతు మార్చుకోలేదు. పీఠికలు వేలు వచ్చినవి. ఇది నిలిచిపోవటానికి కారణం ఇదే అనుకొంటాను.

ఇతర దేశాలలో కూడా ఇట్టి ఉదాహరణలు లేకపోలేదు. ఫ్రెంచి రచయిత మొంతేన్ తన మిత్రుడు ల బొయెసీని 1563లో పోగొట్టుకొన్నాడు. 1580లో తన వ్యాసాల మొదటి సంపుటిని వెలువరించాడు. తనను తానే పరిశీలించుకొంటూ, దాపరికం లేకుండా మాట్లాడే వ్యాసం అనే ప్రక్రియకు ఆ గ్రంథం మూలం. ఎదుట మాట్లాడటానికి మిత్రుడు ఉన్నట్లయితే అతడు అన్ని వ్యాసాలు రాసి ఉండేవాడా అని విమర్శకులు అడుగుతూ వచ్చారు. ఆత్మనిష్ఠకు నమూనాగా లోకం చెప్పుకొనే గ్రంథం, పోయిన మిత్రునితో ఆగిపోయిన సంభాషణకు కొనసాగింపు కావటం మన వాదానికి చక్కని బలం.

పెద్దల కథలు చెప్పటం సులభం. మన దైనందిన జీవితంలో ఈ మాటకు విలువ ఏమిటి అని చదువరి అడగవచ్చు. నేను ఢిల్లీలో, మునిర్కాలో నివసిస్తున్నాను. ఇది ఒకప్పటి పల్లె. చుట్టూ నగరం పెరిగి పల్లెను నడుమ చిక్కించుకొన్నది. ఒక వైపు ఇరుకు సందులు, ఆ సందులలో గదులు అద్దెకు తీసుకొన్న విద్యార్థులు; మరొక వైపు ఢిల్లీ అభివృద్ధి సంస్థవారు కట్టిన అంతస్తుల ఇండ్లు; సమీపంలో 1969లో స్థాపితమైన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. 2018లో మెట్రో రైలు కూడా వచ్చినది. సాయంకాలం కూరగాయల బండి దగ్గర నిలబడితే హిందీ, హర్యాణా పల్లె మాట, మణిపురి, మలయాళం, బెంగాలీ వినవస్తవి. తెలుగు వినపడాలంటే కొంచెం ఆగాలి. ఇట్టి చోట ఉండే తెలుగు అనువాదకునికి ఒక చిక్కు ఉన్నది. తన తెలుగుకు తానే న్యాయమూర్తి. తప్పు అనేవారు, ఒప్పు అనేవారు చుట్టుపక్కల ఉండరు. తన పదాలు బ్రతికి ఉన్నవో లేవో తెలియజేసేది దూరాన ఉన్న మిత్రుని గొంతు ఒక్కటే.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. హిందీ కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో ఒక పేద ఇల్లు, నాలుగు వైపులా గోడల నడుమ ఆకాశం కనిపించే ఖాళీస్థలం. వారి భాషలో ‘ఆంగన్’. కథ అంతా అక్కడే జరుగుతుంది. ‘ప్రాంగణం’ అంటే దేవాలయం గాని విశ్వవిద్యాలయం గాని కళ్ళకు కడుతుంది. ‘మండువా’ అంటే కోస్తాలో కలిగినవారి లోగిలి గుర్తుకు వస్తుంది. ‘పెరడు’ ఇంటి వెనుకకు పోతుంది. ఓరుగల్లు ప్రాంతపు మిత్రుడు ఒకరితో ఈ సంగతి ఫోనులో చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, “ఆ ఇంట్ల ఆడమనిషి పొద్దుగాల చీపురు పట్టి ఏం ఊడుస్తది?” అని అడిగారు. “వాకిలి” అన్నాను. “మరి ఇంకేంది?” అన్నారు. మా వైపు వాకిలి వీధిగుమ్మం ముందుది. వారి వైపు అది ప్రహరీ లోపలిది. వారం రోజులు వాదించుకొన్నాము. చివరకు ‘వాకిలి’ నిలిచినది, దాని చుట్టూ గోడలు ఉన్నవని తెలిపే ఒక చిన్న వాక్యంతో. ఆ వాక్యం నాది, పదం ఆయనది. నిఘంటువులో పదం ఉంటుంది. ఆ పదాన్ని పలికే ఆడమనిషి మిత్రుని జ్ఞాపకంలో ఉంటుంది.

ఇది సులభమైన ఉదాహరణ. కష్టమైనది మరొకటి ఉన్నది. నలభై ఏండ్లుగా ఎరిగిన కవిమిత్రుడు ఒకరు తమ మూడవ సంపుటి రాతప్రతి పంపి, ముందుమాట రాయమన్నారు. చదివాను. దాదాపు సగం పద్యాలలో ఆయన పాత పద్యాల ప్రతిధ్వనులు. పనితనానికి లోటు లేదు. ఆ పనితనం లోపల ఈ పదేళ్ళలో ఆయన అనుభవించినది ఏదీ కనిపించలేదు. తల్లి పోయినది ఆ పదేళ్ళలోనే. ఉద్యోగం పోయినది ఆ పదేళ్ళలోనే. అవి ఎక్కడా లేవు. ముందుమాటకు బదులు ఆరు పుటల ఉత్తరం రాశాను. ఏ పద్యం ఎక్కడ పాతదానిని తిరిగి చెబుతున్నదో గుర్తుపెట్టి, అమ్మ లేని ఇంటిని గురించి ఒక్క మాటైనా ఎందుకు లేదని అడిగాను. జవాబు రాలేదు. ఎనిమిది నెలలు ఫోను కూడా లేదు. ఆ ఎనిమిది నెలలూ నాకు తేలికగా గడిచినవని చెప్పను. ఈ వయస్సులో కొత్త మిత్రులు దొరకరు.

శీతకాలంలో ఏదో పని మీద ఆయన ఢిల్లీ వచ్చారు. నేరుగా మునిర్కాకే వచ్చారు. మూడు అంతస్తులు ఎక్కి, రొప్పుతూ, చేతిలో అచ్చయిన పుస్తకం పెట్టారు. ముందుమాట లేదు. పుస్తకం పలుచబడినది. “నువ్వు వద్దన్నవాటిలో ఇరవై తీసేశాను. నాలుగు ఉంచాను. అవి నావి. నీకు నచ్చకపోయినా నావే” అన్నారు. “ఉండనీ” అన్నాను. చివరన కొత్తవి ఐదు ఉన్నవి. వాటిలో ఒకటి తల్లి వాడిన రోలును గురించినది. ఆ నాలుగు పద్యాలను గురించి మా ఇద్దరికీ ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు.

నా మాట నెగ్గినదని చెప్పుకోవటానికి దీనిని రాయలేదు. ఆయన నాలుగు పద్యాలను ఉంచుకోవటంలోనే అసలు సంగతి ఉన్నది. మిత్రుని మాట ఆజ్ఞ కాదు. అది ఒరిపిడి రాయి. బంగారం ఏదో రాయి నిర్ణయించదు. గీత మాత్రం చూపిస్తుంది. ఇరవై పద్యాలను గీసి చూచుకొని వదిలినవాడు, నాలుగింటిని గీసి చూచుకొని ఉంచుకొన్నాడు. రెండు పనులూ ఒకే ఆత్మనిష్ఠ చేసినవి. అన్నింటినీ వదిలివేసి ఉంటే ఆయన నాకు విధేయుడయ్యేవాడు. ఒక్కటి కూడా వదలకపోతే తన అలవాటుకు విధేయుడయ్యేవాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాకపోదు. మిత్రుని విమర్శలో అసూయ ఉండవచ్చు, రుచిభేదం ఉండవచ్చు, అజ్ఞానం కూడా ఉండవచ్చు. దానిని ఎట్లా గుర్తించటం? నా అనుభవంలో మూడు గుర్తులు ఉన్నవి. మొదటిది, మిత్రుడు మనతో చెప్పిన తరువాతనే, లేదా మనతో మాత్రమే, చెబుతాడు. ఊరంతా విన్న పిమ్మట మన చెవిని పడినది విమర్శ కాదు. రెండవది, అతడు పంక్తిని చూపిస్తాడు, మనిషిని చూపించడు. ‘ఈ పద్యం పాతది’ అనటం వేరు, ‘నీ పని అయిపోయినది’ అనటం వేరు. మూడవది, తన మాట త్రోసివేయబడినా అతడు అలగడు. ఈ మూడూ ఉన్నచోట మాట కటువుగా ఉన్నా వినదగినది. ఈ మూడూ లేనిచోట మాట తీయగా ఉన్నా వినదగినది కాదు.

మిత్రులు లేనివారి సంగతి ఏమిటి అని కూడా అడగవచ్చు. జీవితంలో అందరికీ గిడుగువంటి తోడు దొరకదు. నిజమే. కాని పుస్తకాలు చదివేవాడికి పూర్తిగా మిత్రులు లేని స్థితి రాదు. తిక్కన పాత్రల సంభాషణ చదివిన తరువాత మన పాత్రలచేత అబద్ధపు మాటలు పలికించటానికి సిగ్గు వేస్తుంది. ఆ సిగ్గు కూడా మైత్రీఫలమే. పోయినవారు మనలను పొగడలేరు. అందుచేతనే వారు నమ్మదగిన మిత్రులు.

ఇదంతా రచయితల స్వంత వ్యవహారమని కొందరు అనవచ్చు. కాదని నా మనవి. సాహిత్య అకాడెమీ ఇరవైనాలుగు భాషలను గుర్తించినది. ఒక అస్సామీ పాఠకుడు గాని, ఒక కశ్మీరీ పాఠకుడు గాని తెలుగును ఎరిగేది అనువాదం ద్వారా. ఏ పుస్తకం అనువాదానికి పోవాలో చాలావరకు తెలుగువారి మాట మీదనే ఆధారపడి ఉంటుంది. మిత్రధర్మమని మనం ఒక సామాన్య గ్రంథాన్ని గొప్పదని చెబితే, ఆ అబద్ధం మన ఊరిలో ఆగదు. ఇంకొక భాషలో ఒక అనువాదకుడు ఒకటి రెండేళ్ళు దానిమీద శ్రమిస్తాడు. ఆ పాఠకుడు పుస్తకం మూసి, తెలుగు సాహిత్యం ఇంతే కాబోలు అనుకొంటాడు. నిజంగా చేరవలసిన గ్రంథం చేరదు. దాని రచయిత, తనను పొగడే మిత్రులు లేని ఏ మారుమూల బడిపంతులో, ఆ సంగతి ఎన్నటికీ తెలుసుకోలేడు. మనం మిత్రునికి చేశామనుకొన్న ఉపకారానికి మూల్యం ఇతడు చెల్లిస్తాడు.

కనుక కోరదగినది కటువుదనం కాదు. విమర్శను వృత్తిగా చేసుకొన్నవారికి కటువుదనం త్వరగా అలవాటవుతుంది. అది కూడా ఒక ఆత్మవంచనే. కావలసినది భర్తృహరి వరుసను తిరిగి నిలబెట్టుకోవటం. ముందు ఆపటం, ఆ తరువాత నడిపించటం; పొగడవలసివస్తే ఆ పిమ్మట, నలుగురిలో, నిండు నోటితో పొగడటం. ఆపగలిగినవాడి పొగడ్తకే విలువ. ఆ ఆపే చేతిని సహించగలిగిన రచయిత తన గొంతు పోగొట్టుకోడు. తనకు ఉన్నదని తెలియని గొంతు కూడా అతడికి ఒకనాడు దొరకవచ్చు. మీ బల్ల మీద ఇప్పుడు ఏదో ఒక మిత్రుని రాతప్రతి ఉండే ఉంటుంది. దానిని చదివి, ఉన్నది ఉన్నట్లు, ఎదుట కూర్చుని చెప్పినట్లు, ఒక ఉత్తరం రాయండి. ముందుమాట సంగతి తరువాత చూచుకోవచ్చు.